ఎర్రగీత మీద ముల్లు

కొండ కింది ఫకీర్ల తకియాలో ఉండే మౌలాలికి ఆ ఎండాకాలం ఒకటే బాధ. బండి ఆగిపోతోంది. ఎందుకు ఆగిపోతోందో తెలియదు.

అది పాత పికప్ బండి. రాయచోటిలో మాంసం వ్యాపారం చేసే భక్తుడొకాయన మొక్కు తీరిందని తకియాకు ఇచ్చిపోయాడు. అప్పటికే తలుపులు తుప్పు పట్టి, సీటులోని స్పంజు బయటికి వచ్చి ఉంది. అయినా దానితో చాలా పని జరిగేది. కొండ మీద ఎగువగొంది అని చిన్న పల్లె ఉంది. అందరూ గొర్రెలు మేపుకునేవాళ్ళు. వాళ్ళ బోరు ఎండిపోయి చాలా కాలమైంది. బండి వెనక నల్ల ప్లాస్టిక్ ట్యాంకు పెట్టుకుని, తకియా బావిలో నీళ్ళు నింపుకుని, రోజూ పొద్దున్నే ఆ పల్లెకు పోసి రావడం మౌలాలి పని.

ఆ పని అప్పగించింది జమాలయ్య తాత. తకియాలో ఉన్న పేరు తెలియని పీరు సమాధికి దీపం పెట్టేది ఆయనే. దూదేకుల మనిషి. పడుచుదనంలో విల్లు భుజాన వేసుకుని ఊరూరా పరుపుల దూది ఏకినవాడు. ఇప్పటికీ మధ్యాహ్నం పూట చింతచెట్టు నీడలో కూర్చుని, వచ్చినవాళ్ళ పాత పరుపులు విప్పి దూది ఏకుతుంటాడు. ఎవరేం చెప్పుకున్నా వింటాడు. జవాబు మాత్రం తక్కువ.

మౌలాలి ఒకప్పుడు ముగ్గురాయి గనుల్లో లారీ నడిపాడు. భార్య జబ్బుచేసి పోయాక లారీ వదిలేసి, ఎక్కడెక్కడో తిరిగి, చివరికి తాత దగ్గర తేలాడు. తాత అతని చెవిలో ఒక నామం చెప్పి, పెదవి కదలకుండా లోపల అనుకుంటూ ఉండమన్నాడు. స్టీరింగు పట్టుకుని అనుకునేవాడు. నీళ్ళు తోడుతూ అనుకునేవాడు. కొన్నాళ్ళకు రొమ్ములో ఎడమపక్క సన్నగా వెచ్చన మొదలైంది. చలికాలంలో పొయ్యి దగ్గర అరచెయ్యి పెట్టినట్టు ఉండేది. ఆ వెచ్చన ఉన్నంతకాలం తాను బాగానే ఉన్నానని మౌలాలి నమ్మకం.

బండి ఆగడం ముందు నుంచీ ఉన్నదే. కొండదారిలో చివరి మలుపు దగ్గర ఇంజను దగ్గినట్టు చేసి, లాగుడు తగ్గి, ఆరిపోయేది. బీడీ కాల్చి, ఇంకాసేపు కూర్చుని తాళం తిప్పితే మళ్ళీ నడిచేది. ఆగినప్పుడల్లా ఎదురుగా ఉన్న మీటర్లలో వేడిముల్లు పైకి లేచి ఉండేది. వేడెక్కింది, చల్లారితే పోతుంది అనుకున్నాడు. పాత బండి, ఎండాకాలం, ఎత్తు. అంతకుమించి ఆలోచించలేదు.

ఆ అలవాటే అతని కొంప ముంచింది.

ఆ రోజు ఎగువగొందిలో నీళ్ళు పోస్తుండగా ఓబులమ్మకు నెప్పులు మొదలయ్యాయి. గంగులప్ప భార్య. పెళ్ళయిన చాలా ఏళ్ళకు కడుపు పండిన మనిషి. నెలలు నిండకుండానే నెప్పులు. అంబులెన్సు ఆ దారి ఎక్కదు, ఫోను చేద్దామంటే అక్కడ సిగ్నలు లేదు. ట్యాంకు దించేసి, వెనక బొంతలు పరిచి ఆమెను పడుకోబెట్టారు. పక్కన గంగులప్ప, అతని తల్లి కూర్చున్నారు. మౌలాలి కొండ దిగి తారురోడ్డు ఎక్కి, తొక్కగలిగినంత తొక్కాడు. ఆ బండిని అంత వేగంగా అతనెన్నడూ నడపలేదు.

అడవి నడుమ ఎత్తు ఎక్కుతుంటే ఇంజను ఆరిపోయింది.

ముల్లు చూశాడు. ఎర్రగీత మీద నిలబడి ఉంది. బానెట్ ఎత్తి, దూరంగా జరిగి, వేడెక్కిందని, చల్లారేదాకా తాళం తిప్పితే ఇంజను పట్టేస్తుందని చెప్పాడు. గంగులప్ప ఇంకో బండి ఏదైనా దొరుకుతుందేమోనని రోడ్డు వెంట పరుగెత్తాడు. ఆ ఎండలో ఏ బండీ రాలేదు. మౌలాలి సీట్లో కూర్చుని ముల్లునే చూస్తున్నాడు. అది దిగాలి. దిగితే తాళం తిప్పాలి. వెనక ఓబులమ్మ అరుస్తోంది. ముల్లు దిగలేదు. కొంతసేపటికి అరుపులు మూలుగులయ్యాయి. ముల్లు దిగలేదు. గంటయిందో, ఇంకా ఎక్కువైందో. చివరికి గంగులప్ప తల్లి వచ్చి అతని చొక్కా పట్టుకుని గుంజితే, ఇంజను పోతే పోయిందని తాళం తిప్పాడు.

ఏమీ జరగనట్టు బండి కదిలింది. ముల్లు ఎర్రగీత మీద ఉండగానే కదిలింది. ఆసుపత్రి దాకా ముల్లు అక్కడే ఉంది, బండి మాత్రం గుర్రంలా పోయింది.

తల్లి బతికింది. బిడ్డ బతకలేదు. కాస్త ముందు తెచ్చి ఉంటే అని డాక్టరమ్మ ఏదో అనబోయి, గంగులప్ప ముఖం చూసి ఆపేసింది. ఆడపిల్ల. తువ్వాలులో చుట్టి ఇస్తే గంగులప్ప చేతుల్లోకి తీసుకుని, దాన్నెలా పట్టుకోవాలో తెలియక అట్లాగే నిలబడ్డాడు.

మరునాడు తెల్లవారాక మౌలాలి బండి దగ్గరికి పోయాడు. ఇంజను మీద చెయ్యి పెట్టాడు. రాయిలా చల్లగా ఉంది. లోపల కూర్చుని తాళం సగం తిప్పాడు.

ముల్లు ఒక్క ఎగురున ఎర్రగీత మీదికి పోయి నిలబడింది.

మౌలాలి అట్లాగే కూర్చుండిపోయాడు. నిన్న ఇంజను వేడెక్కనే లేదు. రేడియేటరు మీద చెయ్యి పెట్టి ఉంటే తెలిసిపోయేది. చెయ్యి పెట్టలేదు. ముల్లు చూస్తూ కూర్చున్నాడు.

ఎవరూ అతన్ని ఏమీ అనలేదు. గంగులప్ప ఒకసారి తకియాకు వచ్చి, నువ్వేం చేస్తావులే అన్నా, మా రాత అని చెప్పిపోయాడు. తిట్టి ఉంటే మౌలాలి తట్టుకునేవాడేమో. ఆ మాట మాత్రం తట్టుకోలేకపోయాడు.

ఆ రోజు నుంచి రొమ్ములో వెచ్చన పోయింది. నామం అనుకుంటూనే ఉన్నాడు. పొడి ఇసుక నమిలినట్టుంది. అనుకుంటూ మధ్యలో ఆపి, గుండె మీద చెయ్యి పెట్టి చూసుకునేవాడు. ఏమీ తగిలేది కాదు. మళ్ళీ మొదలుపెట్టి, మళ్ళీ ఆపి, మళ్ళీ చూసుకునేవాడు. తాత తనను చూసే చూపులో ఏమైనా తేడా వచ్చిందా అని ఆయన ముఖం వెతికేవాడు. తాత ఎప్పటిలాగే ఉండేవాడు. అది మంచికో చెడుకో అర్థమయ్యేది కాదు.

ఒక మధ్యాహ్నం చింతచెట్టు కిందికి పోయి అడిగేశాడు.

"దేవుడు నన్ను క్షమించినాడా తాతా? నాకెట్ల తెలుస్తాది?"

తాత దూది ఏకుతున్నాడు. వింటినారి మోత ఆగింది. విల్లు పక్కన పెట్టి, ఏదో చెప్పబోయేవాడిలా ముందుకు వంగాడు. మౌలాలి భుజం మీద వాలిన దూదిపీచును రెండు వేళ్ళతో తీసేశాడు. మళ్ళీ విల్లు అందుకున్నాడు.

మౌలాలి ఇంక కొండెక్కనన్నాడు. బండి బాగయ్యేదాకా అందులో నీళ్ళ బొట్టు కూడా తీసుకుపోనన్నాడు. తాత సరేననలేదు, వద్దనలేదు. ఎగువగొంది ఆడవాళ్ళు కొండ దిగి వచ్చి, బావిలో తోడుకుని, నెత్తిన కడవలతో మళ్ళీ ఎక్కేవాళ్ళు. పొద్దున్నే బయల్దేరితే ఇల్లు చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చేది. బండి పక్కనుంచే నడిచేవాళ్ళు. మౌలాలి బానెట్ కింద తల దూర్చి, వాళ్ళు వెళ్ళేదాకా పైకి ఎత్తేవాడు కాదు. వాళ్ళలో ఓబులమ్మ ఎప్పుడూ లేదు.

ముందు మీటర్ల పని పట్టాడు. వేడిముల్లుకు పోయే తీగ ఇంజను మూలలో ఒరుసుకుని, పైతోలు పోయి, ఇనుముకు తగులుతోంది. బండి అదిరినప్పుడల్లా తగిలి ముల్లును ఎగదోసేది, చివరికి ఇనుముకు అంటుకునిపోయింది. కొత్త తీగ వేశాడు. డీజిల్ ముల్లు ఎప్పుడూ సగం దగ్గరే ఉండేది, ట్యాంకులో ఉన్నా లేకపోయినా. రాయచోటి పోయి పాత సామాన్ల అంగట్లో వెతికి, ట్యాంకు లోపల తేలే బెండు మార్పించాడు. మీటర్ల పెట్టె మొత్తం ఊడదీసి, అద్దాలు తుడిచి, ముళ్ళు ఒక్కొక్కటే సరిచేశాడు. పగలంతా అదే పని. అన్నానికి పిలిస్తే వచ్చేవాడు కాదు.

తర్వాత ఆగిపోయే సంగతి. డీజిల్ ఫిల్టరు మార్చాడు. పైపులు ఊది చూశాడు. మెకానిక్కు దగ్గర రెండు రోజులు పెట్టాడు. అక్కడ షెడ్డులో నిలబెట్టి ఎంతసేపు నడిపినా ఇంజను ఆగలేదు. బండిలో ఏమీ లేదు, తీసుకుపొమ్మన్నారు.

తెచ్చుకున్నాడు. నీళ్ళ ట్యాంకు నింపుకుని కొండ మొదలుపెట్టాడు. వేడిముల్లు నడుమ నిలబడింది. డీజిల్ ముల్లు సగం మీద, ఈసారి నిజంగానే సగం. అన్నీ ఉండాల్సిన చోట ఉన్నాయి. చాలా రోజుల తర్వాత అతనికి కొంచెం ఊపిరాడింది. నామం కూడా గుర్తొచ్చింది.

చివరి మలుపు దగ్గర ఇంజను దగ్గి, ఆరిపోయింది.

ముళ్ళు చూశాడు. ఏ ముల్లూ కదల్లేదు. అన్నీ బాగుందనే చెబుతున్నాయి.

ఎంతసేపు కూర్చున్నాడో. మళ్ళీ తాళం తిప్పితే బండి కదిలింది. పల్లె అక్కడికి కూతవేటు దూరం. అయినా మౌలాలి బండి తిప్పేశాడు. నీళ్ళ ట్యాంకు నిండుగా, బరువుతో ఊగుతుండగా కిందికి దిగివచ్చి, తకియా ముందు ఆపి, నేరుగా లోపలికి పోయి తన గుడ్డలు సంచిలో కుక్కుకున్నాడు.

తాత దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. వెళ్ళిపోతున్నానని చెప్పాడు. ఎక్కడికని తాత అడగలేదు. మౌలాలే చెప్పుకుపోయాడు. ఏ ముల్లు అబద్ధం చెప్పిందో దాన్ని బాగుచేశాను, ఇప్పుడు అన్నీ నిజమే చెబుతున్నాయి, అయినా ఆగిపోయింది. లోపల నామం కూడా అంతే. తప్పకుండా అనుకుంటున్నాను, అక్కడ ఏమీ లేదు. నాలో దేవుడికి పనికొచ్చేది ఏదీ మిగల్లేదు. నాకు తెలిసిన విద్య ఒక్కటే, అదీ ఒక బిడ్డ ప్రాణం తీసింది. ఇంక నేను ఇక్కడుండి ఎవరి కూడు తినాలి. ఇదీ అతని మాటల సారాంశం. ఏడవలేదు. ఏడుపు వచ్చే చోటు కూడా ఎండిపోయింది.

తాత మోకాళ్ళ మీద చేతులు ఆనించి మెల్లగా లేచాడు. ఒంటి మీది దూది దులుపుకున్నాడు. బండి దాకా నడిచి, తలుపు రెండుసార్లు లాగి తెరిచి, ఎక్కి కూర్చున్నాడు. ఆయన ఆ బండి ఎక్కడం అదే మొదలు. బండ్ల సంగతి ఆయనకేమీ తెలియదు. ఎదురుగా మెరుస్తున్న మీటర్లను కాసేపు చూశాడు. భుజం మీది తుండుగుడ్డ తీసి వాటి మీద పరిచి, జారకుండా అంచులు సందుల్లోకి దోపాడు.

"నీళ్ళు వెచ్చబడతాండాయి. పదబ్బీ," అన్నాడు.

మౌలాలి సంచితోనే నిలబడి ఉన్నాడు. తాత ముందుకు చూస్తూ కూర్చున్నాడు. దిగే మనిషిలా లేడు. ఆయన్ను దింపడానికి మౌలాలికి నోరు రాలేదు. సంచి సీటు కింద పడేసి స్టీరింగు పట్టుకున్నాడు.

కొండ మొదలైంది. అలవాటుగా చూపు మీటర్ల వైపు పోయింది. గుడ్డ. కాసేపటికి మళ్ళీ పోయింది. మళ్ళీ గుడ్డే. అడుగడుక్కీ తాను అటు చూస్తున్నానని అతనికి అప్పుడు తెలిసింది. కళ్ళకు చోటు లేక దారి వైపు చూశాడు. చూసేది లేక విన్నాడు. టైర్ల కింద రాళ్ళు, వెనక ట్యాంకులో నీళ్ళ కుదుపు, వాటన్నిటి అడుగున ఇంజను మోత. చాలా దూరం ఆ మోత నిండుగా ఉంది. చివరి మలుపు దగ్గరికి వచ్చేసరికి పలచబడింది. ఊపిరి అందని మనిషి మెట్లెక్కుతున్నట్టుంది.

ఆరిపోయింది.

మౌలాలి చెయ్యి గుడ్డ మీదికి పోయింది. తాత తన చెయ్యి దాని మీద పెట్టాడు. బరువేమీ లేని చెయ్యి.

"దిగి చూడు," అన్నాడు.

దిగాడు. బానెట్ ఎత్తి రేడియేటరు మీద అరచెయ్యి ఆనించాడు. వేడిగా ఉంది కానీ కాలడం లేదు. ఆ చెయ్యి అక్కడే కాసేపు ఉంచాడు. ఆనాడు పెట్టని చెయ్యి. సరే, వేడి కాదు. మరి డీజిల్ ఉందా? ముల్లు కనబడదు. పక్కన పొదలో ఒక పుల్ల విరిచి, ఆకులు దూసి, డీజిల్ ట్యాంకు దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పుల్ల ముంచి చూద్దామని మూత పట్టుకుని తిప్పాడు. ఎన్నడూ లేనంత గట్టిగా పట్టేసి ఉంది. బలమంతా పెట్టి తిప్పితే వదులైంది.

బుస్సుమని గాలి లోపలికి పోయింది. ఆగకుండా పోతూనే ఉంది. సొట్టపడి ఉన్న ట్యాంకు రేకు టప్పున పైకి లేచింది.

మౌలాలి ఆ మూత పట్టుకుని కదలకుండా ఉన్నాడు. పుల్ల ముంచాడు. అది సగం దాకా డీజిల్‌తో తడిసింది. మూత వదులుగా పెట్టి, పోయి తాళం తిప్పాడు. ఇంజను వెంటనే అందుకుంది. బీడీ కాల్చే పని లేదు, కూర్చునే పని లేదు.

మళ్ళీ ఆపి కిందికి వచ్చి మూతను వెలుతురులో తిప్పి చూశాడు. నడుమ సూదిమొనంత రంధ్రం ఉంటుంది. డీజిల్ తగ్గేకొద్దీ ఆ రంధ్రం గుండా ట్యాంకులోకి గాలి రావాలి. దుమ్ము, డీజిల్ కలిసి అందులో తారులా గట్టిపడి ఉంది. గాలి రాక, డీజిల్ ముందుకు పారక, ఇంజను నోరు ఎండిపోయి ఆగేది. కూర్చుని ఎదురుచూస్తే మూత అంచుల్లోంచి కొంచెం కొంచెంగా గాలి చేరి మళ్ళీ నడిచేది. ఎంత గట్టిగా తొక్కితే అంత త్వరగా ఆగేది.

తుమ్మముల్లు ఒకటి విరిచి ఆ రంధ్రం పొడిచాడు. నల్లటి పెంకు ఊడి అరచేతిలో పడింది. ఆవగింజంత కూడా లేదు.

అప్పుడు మౌలాలి దారి మధ్యలో కూర్చుండిపోయాడు. తాత బండి దిగి వచ్చి పక్కన నిలబడ్డాడు. ఎండ తగలకుండా ఆయన నీడ అతని మీద పడింది.

"మూత తాతా. ఆ పొద్దు మూత వదులు చేసింటే చాలు."

మౌలాలి మూతను అరచేతిలో తిప్పాడు.

"ఆ యమ్మ అరుస్తానే ఉండింది. నా చేతికి అందేంత దూరంలో ఉండింది ఈ మూత."

కారణం తెలిస్తే బాధ తగ్గుతుందని అన్నాళ్ళూ అనుకున్నాడు. అది వంద రెట్లయింది. పెద్ద జబ్బేదో ఉండి, తన వల్ల కానిదేదో అయి ఉంటే బాగుండేది. ఇంత చిన్నదవుతుందని అనుకోలేదు. అదే మాట మళ్ళీ మళ్ళీ చెప్పాడు. మూత అన్నాడు. చాలు అన్నాడు. తాత అంతా విని, అతను ఆగాక అడిగాడు.

"ఇది నాకెందుకు చెప్తాండావబ్బీ?"

మౌలాలి తలెత్తి చూశాడు. తాత ముఖంలో కోపం లేదు, జాలి లేదు. అడిగి, వెళ్ళి బండిలో కూర్చున్నాడు.

ఎగువగొందిలో బండి మోత విని ఆడవాళ్ళు కడవలతో వచ్చారు. ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదని ఒక ముసలామె గొణిగింది. తక్కిన వాళ్ళు వరస కట్టారు. మౌలాలి గొట్టం వాళ్ళ చేతికిచ్చి, చివరి ఇంటికి నడిచాడు. రేకుల చూరు కింద ఓబులమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఒళ్ళో ఏమీ లేదు. చేతులు మాత్రం ఏదో ఉన్నట్టు ఒళ్ళోనే పెట్టుకుని ఉంది. గడప పక్కన మట్టికడవ ఒకటి, ఖాళీది.

మౌలాలి వాకిట్లో గొంతుక్కూర్చున్నాడు. చెప్పాల్సిందంతా చెప్పాడు. ముల్లు అబద్ధమని, ఇంజను వేడెక్కలేదని, మూత వదులు చేసి ఉంటే బండి అప్పుడే కదిలేదని, ఆ సంగతి తనకు ఈ రోజే తెలిసిందని. రాత అనలేదు. దేవుడి పేరు ఎత్తలేదు. తెలియక చేశానని కూడా అనలేదు, ఆ మాట నోటిదాకా వచ్చినా మింగేశాడు.

ఓబులమ్మ అతని వైపు చూడలేదు. ఒక మాట అడిగింది.

"అయితే ఆ పొద్దు బండి చల్లగానే ఉండిందా అన్నా?"

"చల్లగానే ఉండింది ఓబులమ్మా."

ఆమె లేచింది. గోడ పట్టుకుని లోపలికి పోయి తలుపు దగ్గరగా వేసుకుంది. లోపలి నుంచి ఏ చప్పుడూ రాలేదు.

మౌలాలి అక్కడే ఉన్నాడు. ఏం చేయాలో తెలియలేదు. కళ్ళెదురుగా కడవ ఉంది. దాన్ని ఎత్తుకుని బండి దాకా పోయి, వరసలో చివర నిలబడి, నింపుకుని వచ్చి గడప పక్కన పెట్టాడు. దాని మూతి మీద పక్కనున్న సత్తు తట్ట బోర్లించాడు.

దిగేటప్పుడు బండి ఎక్కడా ఆగలేదు. ఆ రోజు తర్వాత ఇంకెప్పుడూ ఆ మలుపులో ఆగలేదు. తుండుగుడ్డ మీటర్ల మీదే ఉండిపోయింది. తాత అడగలేదు, మౌలాలి తీయలేదు. సీటు కింది సంచి మాత్రం ఒక రోజు నీళ్ళకు తడిస్తే, గుడ్డలు తీసి దండెం మీద ఆరవేసుకున్నాడు.

రోజూ కొండెక్కుతున్నాడు. రొమ్ములో వెచ్చన తిరిగి రాలేదు. కలలో బిడ్డ వస్తూనే ఉంది, తువ్వాలులో చుట్టి, ముఖం కనబడకుండా. గొర్రెల వెంట పోతూ ఎదురైతే గంగులప్ప చెయ్యి ఎత్తేవాడు, ఒక్కోరోజు ఎత్తేవాడు కాదు. ఓబులమ్మ బయటికి రాదు. బండి మోత వినగానే తలుపు దగ్గరగా పడుతుంది. కడవ మాత్రం గడప పక్కనే ఉంటుంది. మౌలాలి నింపి, తట్ట బోర్లించి వస్తాడు. మరునాడు మళ్ళీ ఖాళీ కడవ. వాకిట్లో మన్ను ఎప్పుడూ పొడిగానే ఉంటుంది. పెరట్లో పారబోస్తుందో, వండుకుంటుందో, గొర్రెలకు పెడుతుందో, ఎవరినీ అడగలేకపోయాడు. తలుపు సందులోంచి చూద్దామని ఒకసారి అడుగు ముందుకు వేసి, సిగ్గుపడి వెనక్కి వచ్చాడు.

వానలు ఇంకా పడని ఒక సాయంత్రం తాత దగ్గర కూర్చున్నాడు. తాత ఏకిన దూదిని పరుపు గలేబులోకి దోపుతున్నాడు. మౌలాలి గలేబు మూతి పట్టుకుని సాయం చేశాడు.

"ఓబులమ్మ నా నీళ్ళు తాగతాందో పారబోస్తాందో తెలీదు తాతా," అన్నాడు మౌలాలి. "ఆ యమ్మ మనసులో ఏముందో నాకెట్ల తెలుస్తాది?"

తాత ఇంకో గుప్పెడు దూది తీసుకున్నాడు. దాన్ని మూలకంటా దోపి, చెయ్యి బయటికి తీశాడు.

"పొద్దున నువ్వు పోయేతలికి కడవ ఎట్లుంటాది?"

"ఖాళీగా ఉంటాది."

"అయితే నీళ్ళు పొయ్యి," అన్నాడు తాత.